పాత కాంటెస్సా ఇంజన్‌ను తక్కువ ఖర్చుతో విప్పి బిగించడం ఎలా?

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్... ఎక్కడి నుంచి ఎవరు అడిగినా ప్రశ్న ఒకటే. "పాత కాంటెస్సా కొన్నాను. పొగ కక్కుతోంది. ఇంజన్ విప్పి పని చేయించాలంటున్నారు. చేతిలో డబ్బు అంతంతమాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన సంగతులన్నీ ఇక్కడ వరుసగా పెడుతున్నాను.

నేను చెప్పేది 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజన్ ఉన్న హిందుస్తాన్ మోటార్స్ కారు కాంటెస్సా క్లాసిక్ గురించి. బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 84 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 82 మి.మీ., మొత్తం 1817 సీసీ. బ్లాకు ఇనుము, హెడ్ అల్యూమినియం, క్యామ్ షాఫ్టు హెడ్‌లోనే ఉంటుంది, దాన్ని చైను తిప్పుతుంది. 1984లో మొదట వచ్చిన కాంటెస్సాలకు అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనే ఉండేది. అంత బరువైన బండిని లాగడానికి అది చాలలేదు. ఇసుజు ఇంజన్ వచ్చాకే కాంటెస్సాకు ఆ పేరు, ఆ దర్జా వచ్చాయి. 2002లో తయారీ ఆగిపోయింది కాబట్టి సామాన్లు దొరకవని చాలామంది ముందే వెనకడుగు వేస్తారు. కానీ ఇదే ఇసుజు ఇంజన్‌ను 1990ల్లో అంబాసిడర్‌లోనూ పెట్టారు. దుకాణంలో "కాంటెస్సా పిస్టన్లు" అని అడగకండి, "అంబాసిడర్ 1800 పెట్రోలు, ఇసుజు" అని అడగండి. దొరికే అవకాశమూ పెరుగుతుంది, ధరా దిగుతుంది.

రూపాయి ఖర్చు పెట్టక ముందు

మొదట ఆర్‌సీ చూడండి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అది చెల్లుబాటులో ఉందా, బ్లాకు మీద కొట్టిన ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉన్న నంబరు ఒకటేనా అన్నది వంగి, తుడిచి, కళ్లారా చదవండి. ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) నంబర్ల బళ్లు చాలా చేతులు మారి ఉంటాయి. మధ్యలో ఎవరో ఇంజన్ మార్చి, రవాణా శాఖ దగ్గర రాయించుకోకుండా వదిలేసి ఉంటే, మీరు పని చేయించిన ఇంజనే రేపు మీకు చిక్కు తెస్తుంది.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంజన్‌ను వేడెక్కించి, నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ తీగ ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండరుకు గేజి పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఆరోగ్యంగా ఉన్న ఈ తరహా ఇంజన్ 150 పీఎస్‌ఐ దరిదాపుల్లో చూపుతుంది. అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది శాతం మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు లీకవుతున్నాయి లేదా హెడ్ గాస్కెట్ పోయింది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే, చాలావరకు వాటి మధ్య గాస్కెట్ కాలినట్టే.

ఈ పరీక్ష వల్ల మీ ఖర్చు సగానికి తగ్గవచ్చు. లోపం వాల్వుల్లోనే ఉంటే హెడ్ ఒక్కటి దించితే చాలు, కింది భాగం జోలికి వెళ్లనక్కరలేదు. నీలి పొగ చూడగానే మొత్తం విప్పమనే సలహా వినకండి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేసిన కొన్ని క్షణాలు మాత్రమే నీలి పొగ వదిలి ఆగిపోతే అది వాల్వ్ సీళ్ల పని. లోడు మీద నడిచినంతసేపూ వదిలితే రింగుల పని.

డబ్బును ఎలా పంచుకోవాలి

మీ దగ్గరున్న మొత్తాన్ని పది భాగాలు చేయండి. నాలుగు భాగాలు బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ పనికి. మూడు భాగాలు పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లకు. ఒకటి ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, గొట్టాలకు. మిగతా రెండు భాగాలు ముట్టుకోకండి. విప్పాక బయటపడే రోగాలకు అవి కావాలి. ఆదా చేయాల్సింది విప్పడం, కడగడం, బిగించడంలో. ఆ పని మీ చేతులతో చేసుకోండి. క్రోమ్ వాల్వ్ కవరు, పెద్ద సైలెన్సరు వంటివాటికి ఇప్పుడు ఒక్క రూపాయి కూడా వద్దు. బిగించిన తర్వాత చేరుకోలేని చోటికే డబ్బు వెళ్లాలి.

కావలసినవి

- మిల్లీమీటర్ సైజుల సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్. టార్క్ రెంచ్ కొనలేకపోతే రెండు రోజులకు అడిగి తెచ్చుకోండి. చేతి అంచనాతో మాత్రం బిగించకండి.
- ఫీలర్ గేజి, రింగ్ కంప్రెసర్, ప్లాస్టిగేజ్ పోగులు (బేరింగులో సందు కొలవడానికి వాడే మెత్తటి పోగులు)
- చైను పుల్లీ, దాన్ని తగిలించడానికి బలమైన దూలం. లారీ షెడ్డుల్లో గంట లెక్కన దొరుకుతుంది.
- ఈ ఇంజన్ టార్క్ అంకెలున్న వర్క్‌షాప్ పుస్తకం లేదా దాని నకలు
- బట్టలు ఉతికే పొడి, వేడినీళ్లు, గొట్టం బ్రష్షులు, ఉతికిన తెల్లటి పాత పంచె
- చిన్న ప్లాస్టిక్ సంచులు, గుర్తులు రాయడానికి పెన్ను, ఫోను కెమెరా

స్థలం సంగతి కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి దుమ్మును మోసుకొచ్చేటప్పుడు ఆరుబయట ఇంజన్ బిగించకండి. మిర్యాలగూడ వైపు ఉండేవారు వరి కోతల కాలం కూడా తప్పించుకోండి. మిల్లుల నుంచి వచ్చే సన్నటి ఊక ఎక్కడైనా దూరుతుంది. విప్పడం చెట్టు కిందైనా చేయవచ్చు, బిగించడం మాత్రం తలుపులున్న గదిలోనే.

పని వరుస

1. విప్పే ముందు ఫొటోలు. ప్రతి తీగ, ప్రతి వాక్యూమ్ గొట్టం, కార్బురేటర్ లింకులు, డిస్ట్రిబ్యూటర్ ఉన్న దిక్కు. ఒక్కో భాగం బోల్టులు ఒక్కో సంచిలో వేసి పేరు రాయండి. నెల తర్వాత మీకే గుర్తుండదు.

2. హెడ్ చల్లగా ఉన్నప్పుడే దించండి. అల్యూమినియం హెడ్‌ను వేడి మీద విప్పితే వంగుతుంది. బోల్టులు చివర్ల నుంచి మధ్యకు, రెండు మూడు విడతల్లో వదులు చేయండి. అంతకు ముందే మొదటి సిలిండరును టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటికి, తెచ్చి, చైను మీద, క్యామ్ స్ప్రాకెట్ మీద తెల్ల పెయింటుతో గుర్తు పెట్టండి.

3. బేరింగ్ క్యాపులకు నంబర్లు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కాన్‌రాడ్డు, దాని క్యాపు ఒక జంట. నాలుగూ కలిసిపోతే ఆ జంటలు మళ్లీ కలవవు, బేరింగ్ గుండ్రంగా కూర్చోదు. విప్పే ముందే రెండింటి మీదా ఒకే వైపు చుక్కలు కొట్టండి: ఒకటో దానికి ఒకటి, రెండో దానికి రెండు. క్రాంకును బ్లాకుకు పట్టి ఉంచే మెయిన్ క్యాపులకు ముందు వైపు ఏదో కూడా గుర్తు పెట్టాలి.

4. బోరు పై అంచు చేత్తో తడమండి. అరిగిన బోరులో, పై రింగు చేరే ఎత్తుకు పైన చిన్న గట్టు తెలుస్తుంది. దాన్ని తీయకుండా పిస్టన్‌ను కింది నుంచి కొట్టి బయటకు తీస్తే రింగుల గాడులు విరుగుతాయి. గోరుకు గట్టిగా తగిలే గట్టు ఉంటే రీబోర్, అంటే బోరును కాస్త పెద్ద సైజుకు కోయించడం, తప్పదని అక్కడే తెలిసిపోతుంది.

5. కొలిపించండి, ఆ తర్వాతే కొనండి. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి. బ్లాకునూ క్రాంకునూ బోరింగ్ షాపుకు తీసుకెళ్లి, బోర్ గేజితో ప్రతి సిలిండరును పైన, మధ్యలో, కింద, నిలువుగా, అడ్డంగా కొలిపించి కాగితం మీద రాయించుకోండి. పైకీ కిందకీ, లేదా రెండు దిక్కులకీ తేడా 0.1 మి.మీ. దాటితే రీబోర్. దానికి బాగా లోపల ఉంటే హోనింగ్ (రాయితో బోరు గోడను సన్నగా రుద్దడం), కొత్త రింగులతో సరిపోతుంది. అంటే పిస్టన్ల ఖర్చు మిగిలినట్టే. కొందరు ముందే పిస్టన్లు కొనేస్తారు. తీరా చూస్తే బోరు ఆ సైజుకు శుభ్రపడదు, ఇంకో సైజు కావాలి, దుకాణం వాపసు తీసుకోదు.

   రీబోర్ చేయించాల్సి వస్తే పిస్టన్లు చేతికి వచ్చాకే, ఆ పిస్టన్లను కొలిచే బోరు కోయించండి. ఏ పిస్టన్‌కు ఎంత సందు ఉండాలో దాని పెట్టె మీద ఉంటుంది. ఇదివరకే ఒకటి రెండుసార్లు రీబోర్ అయిన బ్లాకైతే స్లీవులు (బోరు లోపల దించే కొత్త గొట్టాలు) వేయించి మళ్లీ 84కు తేవచ్చు. ఖర్చు పెరుగుతుంది, కానీ ఆర్‌సీలో ఉన్న నంబరు బ్లాకు నిలుస్తుంది. నా దృష్టిలో వేరే ఇంజన్ కొనడం కన్నా ఇదే మేలు.

6. క్రాంకు. జర్నళ్ల (బేరింగుల్లో తిరిగే నున్నటి భాగాల) మీద గోరు ఆడించండి. గోరు ఆగే గీత ఉంటే గ్రైండింగ్. ఎంత గ్రైండ్ చేశారో, 0.25నో 0.50నో, అదే అండర్‌సైజు బేరింగులు కొనాలి. గ్రైండింగ్ తర్వాత ఆయిల్ రంధ్రాల అంచులు నున్నగా చేయించడం మరవకండి. పదునైన అంచు కొత్త బేరింగును గీకుతుంది.

7. హెడ్. తిన్నని ఇనుప పట్టీని నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ ఆకు దూర్చి చూడండి. 0.05 మి.మీ. ఆకు దూరకపోతే ఫర్వాలేదు. 0.1 దూరితే ఫేసింగ్, అంటే ముఖాన్ని చెక్కి చదును చేయించడం, తప్పదు. అది కూడా కావలసినంతే, ఎక్కువ చెక్కితే కంప్రెషన్ పెరిగి ఇంజన్ టకటకమంటుంది. వాల్వులను పేస్టుతో రుద్దడం ఇంట్లోనే చేసుకోవచ్చు. రుద్దాక స్ప్రింగులు బిగించి, హెడ్‌ను తిరగేసి, ప్లగ్గులు పెట్టి, గుంటల్లో పెట్రోలు పోయండి. పదిహేను నిమిషాలకు పోర్టుల్లోకి ఒక్క చుక్క కూడా దిగకూడదు. నిప్పుకు దూరంగా చేయండి. వాల్వ్ సీళ్లు పాతవి మళ్లీ వాడకండి.

8. కడగడం. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను ఒక ఇంజన్ పోగొట్టుకున్నది ఇక్కడే. బోరింగ్ నుంచి వచ్చిన బ్లాకును ఆనవాయితీగా కిరోసిన్‌తో తుడిచాను. అద్దంలా మెరిసింది. బిగించాను. వెయ్యి కిలోమీటర్లు తిరగకముందే ఆయిల్ తాగడం మొదలైంది. మళ్లీ విప్పితే కొత్త రింగుల ముఖం మీద నిలువు గీతలు. హోనింగ్ రాయి పొడి సిలిండర్ గోడలోని సన్నటి గాట్లలో ఇరుక్కుని ఉంటుంది. కిరోసిన్, పెట్రోలు దాన్ని బయటకు లాగవు, ఇంకా లోపలికి సర్దుతాయి.

   వేడినీళ్లు, బట్టల పొడి, బ్రష్షు... ఇవే కావాలి. నురగ తేలేలా ఒక్కో బోరును రుద్ది, ధారాళంగా కడిగి, వెంటనే ఆరబెట్టి, పల్చగా ఇంజన్ ఆయిల్ పూయండి. ఇప్పుడు తెల్ల పంచె ముక్కతో బోరు లోపల ఒక చుట్టు తుడిచి చూడండి. బూడిద రంగు మరక పడితే మళ్లీ కడగాలి. నాకు అయిదో కడుగుకు గానీ గుడ్డ తెల్లగా రాలేదు. ఆయిల్ దారుల చివర్లలో ఉండే ప్లగ్గులు విప్పి, సన్నటి బ్రష్షు దూర్చి, గాలి కొట్టాలి. క్రాంకు లోపలి రంధ్రాలకూ అంతే. కడిగాక ఆలస్యమైతే పది నిమిషాల్లో ఇనుము మీద తుప్పు పూత కనిపిస్తుంది, ఆయిల్ డబ్బా పక్కనే ఉంచుకోండి.

9. నీటి గదులు. బ్లాకు పక్కల ఉండే గుండ్రటి రేకు మూతలను, అంటే వెల్ష్ ప్లగ్గులను, కడగడానికి ముందే తీసేయించండి. మన జిల్లాల్లో పాత ఇంజన్ల లోపల తెల్లటి సున్నపు పొర పలకల్లా కట్టి ఉంటుంది. ముఖ్యంగా వెనక సిలిండర్ల చుట్టూ. కమ్మీతో గీకి, నీళ్లు కొట్టి తీయాలి. కొత్త మూతలకు అయ్యేది చిల్లర డబ్బే, వాటిని వదిలేస్తే మాత్రం రెండేళ్లలో మళ్లీ ఇంజన్ దించాలి.

10. క్రాంకు కూర్చోబెట్టడం. బేరింగు వెనక వైపు, అది కూర్చునే గుంట పొడిగా ఉండాలి. ఆయిల్ బేరింగు ముఖానికే. రంధ్రం రంధ్రానికి ఎదురుగా ఉందో చూడండి. ప్లాస్టిగేజ్ పోగు పెట్టి క్యాపు టార్క్ చేసి, మళ్లీ విప్పి నలిగిన వెడల్పు కొలవండి. మామూలుగా 0.03 నుంచి 0.06 మి.మీ. సందు రావాలి. పోగు ఉన్నప్పుడు క్రాంకు తిప్పకూడదు. తర్వాత ఆయిల్ వేసి అన్ని క్యాపులూ బిగించాక క్రాంకు చేత్తోనే హాయిగా తిరగాలి. బిగుసుకుంటే ఆగండి. తిరిగేకొద్దీ అదే సర్దుకుంటుందన్న మాట నమ్మవద్దు.

11. రింగులు, పిస్టన్లు. పెట్టెలోంచి తీసిన రింగును నేరుగా పిస్టన్‌కు ఎక్కించకండి. దాన్ని ఒంటరిగా బోరులోకి దింపి, పిస్టన్ తలతో నిటారుగా నెట్టి, చివర్ల మధ్య సందు కొలవండి. ఈ బోరుకు 0.3 నుంచి 0.4 మి.మీ. ఉండాలి. తక్కువైతే సన్నటి ఆకురాయితో రుద్దండి. సందు లేకుంటే వేడికి రింగు చివర్లు కలుసుకుని గోడను చీరేస్తాయి. అక్షరం ఉన్న ముఖం పైకి. మూడు రింగుల సందులు ఒకే వరుసలో రాకూడదు. పిస్టన్ తల మీద గుర్తు ఇంజన్ ముందు వైపుకు. కాన్‌రాడ్డు బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడిగి దింపితే జర్నలుకు గాటు పడదు.

12. హెడ్, చైను. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీరు నిలిచి ఉంటే పీల్చేయండి. లేకపోతే టార్క్ రెంచ్ క్లిక్కుమన్నా హెడ్ బిగిసినట్టు కాదు. మధ్య నుంచి చివర్లకు, మూడు విడతల్లో, పుస్తకంలోని అంకెకు. చైను గుర్తులు కలిపి టెన్షనర్ వదిలాక, ప్లగ్గులు లేకుండా స్పానర్‌తో క్రాంకును రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్రాంకు టీడీసీ గుర్తు, క్యామ్ స్ప్రాకెట్ గుర్తు మళ్లీ తమ చోటికి రావాలి. చైను మీది పెయింటు గుర్తు మాత్రం అప్పుడే కలవదు. మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలం పెట్టకండి. అది వాల్వు పిస్టన్‌ను తాకుతున్నదనడానికి గుర్తు. తర్వాత వాల్వ్ క్లియరెన్సులు. ఫైరింగ్ వరుస 1-3-4-2.

13. ఆయిల్ పంపు నింపడం. బిగించే ముందు పంపు గేర్ల మధ్య పెట్రోలియం జెల్లీ కూరండి. పొడి పంపు ఆయిల్‌ను లాగలేదు. ఇంజన్ బండిలోకి ఎక్కాక ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడుతూ ఆయిల్ దీపం ఆరేవరకు చూడండి. పది సెకన్లు కొట్టి, నిమిషం ఆగి, మళ్లీ. దీపం ఆరలేదంటే స్టార్ట్ చేయవద్దు.

రేడియేటర్లో ఏ నీళ్లు?

బోరుబావి నీళ్లు పోయకండి. నల్లగొండ నేల నీటిలో ఫ్లోరైడ్ ఎముకలను ఎలా తినేసిందో ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. ఇంజన్‌ను పాడు చేసేది ఫ్లోరైడ్ కాదు, ఆ నీటి గట్టితనం. కాగిన కొద్దీ సున్నం లోపలే పేరుకుంటుంది, నీరు తిరిగే దారి సన్నబడుతుంది, ఎండాకాలం ఒక మధ్యాహ్నం హెడ్ వంగుతుంది. నేను చూసిన వంగిన హెడ్లలో ఎక్కువ భాగానికి మొదటి కారణం ఇదే. ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. సగం అది, సగం కూలెంట్. మిషన్ భగీరథ నల్లా నీరు బోరుబావి నీటి కన్నా మేలే అయినా, దారిలో తప్పనిసరైతేనే వాడండి.

ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం ఇక్కడ అలవాటు. తీస్తే ఇంజన్ సరైన వేడికి రాదు, ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది, కొత్త రింగులు కూర్చోవు. మరుగుతున్న నీళ్లలో వేసి చూడండి. తెరుచుకుంటే మంచిదే, లేకుంటే కొత్తది. రేడియేటర్ శుభ్రం చేయించకుండా కొత్త ఇంజన్ తగిలించడం పెద్ద పొరపాటు.

పెట్రోలు గొట్టాలు కూడా మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు. ముప్పై ఏళ్ల నాటి రబ్బరు దానికి ఉబ్బి, పగిలి, వేడి ఇంజన్ మీద కారుతుంది. పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ గాస్కెట్లు కూడా ఆ పెట్రోలుకు తట్టుకునేవే అడిగి వేయండి.

మొదటి స్టార్టు, మొదటి కిలోమీటర్లు

స్టార్ట్ కాగానే ఐడిల్‌లో వదిలేయకండి. ఇరవై నిమిషాలు 1500, 2000 ఆర్‌పీఎం మధ్య మారుస్తూ నడపండి. క్యామ్, రాకర్లు ఒకదానికొకటి అలవాటుపడేది అప్పుడే. కళ్లు ఆయిల్ దీపం మీద, వేడి ముల్లు మీద ఉండాలి. పక్కన ఒకరు కింద వంగి లీకులు చూడాలి. చల్లారాక వాల్వ్ క్లియరెన్సులు మళ్లీ చూడండి. హెడ్‌ను మళ్లీ టార్క్ చేయాలా వద్దా అన్నది మీ గాస్కెట్ తయారీదారు సూచనను బట్టి.

కొత్త ఇంజన్ అని మెల్లగా, మెత్తగా మాత్రమే నడిపితే రింగులు కూర్చోవు. నాకు నచ్చిన దారి నల్లగొండ నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్. పొద్దున్నే బయలుదేరి, పై గేరులో 40 నుంచి 70కి నిలకడగా వేగం పెంచి, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ 40కి దిగనివ్వండి. ఇలా ఇరవై ముప్పై సార్లు. ఒకే వేగంలో సాగదీయడం, ఎత్తులో టాప్ గేరు పట్టి ఈడ్పించడం రెండూ వద్దు. మొదటి ఆయిల్ 100 కిలోమీటర్లకే మార్చండి, తర్వాత 800కు. తీసిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడండి. సన్నటి మెరుపు రజను సహజం. చేతికి తగిలే రేకు ముక్కలు, రాగి రంగు పలుకులు కనిపిస్తే బండి ఆపి సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పాలి.

పని కుదిరిందని ఎలా తెలుసుకోవాలి

వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ కంప్రెషన్ పరీక్ష చేసి, మొదటిసారి రాసుకున్న అంకెల పక్కన రాయండి. నాలుగూ పది శాతం లోపు ఉండాలి. ప్లగ్గుల కొనలు లేత గోధుమ రంగులో ఉండాలి. ఒకటే నల్లగా తడిగా ఉంటే ఆ సిలిండరులో రింగులు ఇంకా కూర్చోలేదు. అలాంటప్పుడు మరో 500 కిలోమీటర్లు ఆగండి, వెంటనే విప్పకండి. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెట్టు ఉందో లేదో, పొద్దున రేడియేటర్ నీటి మట్టం తగ్గిందో లేదో వారానికోసారి చూడండి. నీరు తగ్గుతూ బయట ఎక్కడా చుక్క కనిపించకపోతే, చల్లటి ఇంజన్ రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించి పైనుంచి చూడండి. వరుసగా బుడగలు వస్తున్నాయంటే గాస్కెట్ పట్టలేదు, హెడ్‌ను మళ్లీ పట్టీ పెట్టి కొలవాలి.